ఆదివారపు గెలుపులు

గిరికి నలభై ఒక్కేళ్ళు. మద్రాసు చూలై పేటలో నేమ్‌బోర్డులు చెక్కే చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు. ఇత్తడి రేకుల మీద డాక్టర్ల పేర్లు, వకీళ్ళ పేర్లు, గతించిన పెద్దల పేర్లు పొద్దుటి నుంచి చెక్కుతూనే ఉంటాడు. మిషను ఎంత చేసినా అక్షరాల అంచులు చేత్తోనే సరిచెయ్యాలి. సాయంత్రం ఇల్లు చేరేసరికి మెడ పట్టేసి ఉంటుంది, కళ్ళు మండుతుంటాయి. అలాంటి మనిషి ఏం చెయ్యాలి? ఇంత తిని నడుం వాల్చాలి. గిరి మాత్రం టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. కంట్రోలర్ చేతిలోకి తీసుకుంటాడు. ఊరూ పేరూ తెలియని ఎవడి చేతనో అరగంట సేపు తన్నులు తింటాడు. ఆ తర్వాతే అన్నానికి లేస్తాడు.

తన్నులు తిన్నవాడు నోరు మూసుకుని ఉంటే ఏ గొడవా లేదు. గిరికి ఆ అలవాటు లేదు. తప్పంతా ఆటదేనంటాడు.

'కోబ్రా రింగ్' అనే కొట్లాట ఆటని అతను పద్నాలుగో ఏట నుంచి ఆడుతున్నాడు. పురసవాక్కంలో ఒక మేడ కింద వీడియో గేముల అంగడి ఉండిన రోజుల్లో, గాజు తెర ముందు నిలబడి, చెక్క పెట్టెకి బిగించిన కర్రని తిప్పి తిప్పి నేర్చుకున్న ఆట అది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు, అంతే. అందులో నున్నటి గుండుతో ఒక మల్లుడు ఉన్నాడు. వాడికేదో నోరు తిరగని పేరుంది కానీ, గిరి ఇంట్లో అందరికీ వాడు మొట్టై. తమిళంలో గుండువాడని. ఆ మొట్టై గాల్లోకి ఎగిరి, కాళ్ళతో అవతలివాడి మెడ పట్టుకుని, నేలకేసి కొట్టే దెబ్బ ఒకటుంది. దానికోసం బొటనవేలిని గుండ్రంగా ఒకటిన్నర చుట్టు తిప్పి, సరిగ్గా ఆ క్షణానికే మీట నొక్కాలి. అది చేతికి రావడానికి గిరికి ఒక వేసవి సెలవులన్నీ పట్టాయి. బొటనవేలి మీద ఇప్పటికీ కాయ ఉంది.

కొత్తగా వచ్చిన ఆరో భాగంలో ఆ దెబ్బకి ఒక్కటే మీట. కావాలంటే పాత పద్ధతిలోనూ తిప్పుకోవచ్చంటారు, ఎవడు తిప్పుతాడు? వేసవంతా ధారపోసి నేర్చుకున్న విద్యని ఇప్పటి కుర్రాళ్ళు చిప్స్ నములుతూ ఒక్క నొక్కుతో వేసేస్తున్నారు. దెబ్బ పడగానే ఆట ఆగి సినిమా మొదలవుతుంది. ఎముకలు విరుగుతాయి, ఆకాశం పగులుతుంది, పది సెకన్లు. మొదటిసారి చూడటానికి బాగానే ఉంది. నాలుగు వందలోసారి కూడా చూడమంటే ఎట్లా? పోనీ ఉన్నదేదో అలవాటు చేసుకుందామంటే, రెండు నెలలకొకసారి ఒక మార్పు దింపుతారు. నిన్న తగిలిన తన్ను ఇవాళ తగలదు. ఎందుకు తగలలేదయ్యా అని వెతికితే, మొట్టై కాలు రెప్పపాటులో పదో వంతు ఆలస్యం చేశామని ఓ పెద్ద జాబితాలో ముప్పై ఏడో వరసలో రాసి ఉంటుంది.

ఇక తుపాకుల ఆటల సంగతి ఎత్తకపోవడమే మంచిది. గిరి ఎత్తకుండా ఉండలేడు. వంద మందిని ఒక దీవి మీద దింపుతారు. చచ్చీచెడీ పన్నెండు నిమిషాలు పరుగెత్తాలి, తలుపులు తియ్యాలి, తూటాలు ఏరుకోవాలి. పదమూడో నిమిషంలో ఎక్కడో కొండ మీద నుంచి ఒకడు కాలుస్తాడు. వాడి ముఖమైనా చూడకుండా చచ్చిపోతాం. చచ్చాక చూపిస్తారు, వాడు గులాబీరంగు కుందేలు వేషంలో ఉంటాడు. కుందేలు చేతిలో చచ్చానని ఎవరికి చెప్పుకోవాలి? పైగా రోజుకి మూడు పనులు అప్పగిస్తారు: ఇవాళ పది తలలు కాల్చు, ఐదు పెట్టెలు తెరువు, రెండుసార్లు ఈత కొట్టు. ఆఫీసుకి పోయి హాజరు వేయించుకున్నట్టుంటుంది. ఒకరోజు మానేస్తే మనం వెనకబడిపోయామని ఫోనుకి కబురొస్తుంది.

"నచ్చకపోతే ఆడేది ఎందుకు?" అంటుంది భార్య నివేదిత. "ఎవురన్నా కత్తి పెట్టి కూర్చోబెట్టినారా?"

"అట్లా కాదులే. బొమ్మలు ఎంత బాగుండాయో చూడు. మొట్టై వీపు మీద చెమట చూడు, బొట్టు బొట్టుగా కారతా ఉండాది."

"మీ వీపు మీద కూడా కారతా ఉండాది. లేచి ఫ్యాన్ కిందికి రండి."

నిజానికి గిరికి కోపం ఆటల మీద కాదు. అతని లోపల ఒక భయం ఉంది. ఇదివరకు ఓడిపోతే, నెట్ సరిగా లేదు, నేను నొక్కింది వాడికి చేరలేదు అనేవాడు. ఆరో భాగంలో ఆ సాకు కూడా లేకుండా చేశారు. ఎక్కడో కొరియాలో ఉన్నవాడు సైతం పక్క గదిలో ఉన్నంత చక్కగా వచ్చి తన్ని పోతున్నాడు. మరి చెడింది ఆటా, తన చేతులా? బతుకులో గిరికి బాగా వచ్చని నలుగురూ ఒప్పుకున్నది ఆ ఒక్కటే. నేమ్‌బోర్డులు అతనికంటే బాగా చెక్కేవాళ్ళు ఆ వీధిలోనే ముగ్గురున్నారు. ఈ ప్రశ్న వారమంతా అతన్ని అరగదీసేది.

ఆ భయానికి మందు ఆదివారం దొరికేది. పురసవాక్కంలో అత్తగారిల్లు. ఆదివారం మధ్యాహ్నం భోజనం అక్కడే. నాటుకోడి పులుసు తిని మామ దేవరాజులు ఈజీచైర్లో కునుకు తీస్తాడు. అత్త గోవిందమ్మ పాతకాలపు మనిషి, అల్లుడితో నేరుగా మాట్లాడదు. "అల్లుడికి ఇంకో వడ వెయ్యమ్మే" అని అల్లుడి ఎదురుగానే కూతురికి చెబుతుంది. భోజనాలయ్యాక హాల్లో టీవీ ముందు గిరీ, మరదలు కార్తీకా కూర్చుంటారు. కార్తీకకి ఇరవై ఆరేళ్ళు. మైలాపూరులో ఒక బళ్ళో కంప్యూటర్ టీచరు. రోజూ రైల్లో పోయి వస్తుంది. ఆటలో ఆమె ఎంచుకునేది పొట్టి కర్రలు రెండు చేతబట్టిన ఒక పిల్లని. పది ఆటలు ఆడితే ఎనిమిది గిరివి. మొట్టై ఎగురుతాడు, కర్రల పిల్ల తల ఎత్తి చూస్తుంది, మెడ దొరుకుతుంది, ధడేల్‌మని నేల మీద పడుతుంది, కార్తీక చప్పట్లు కొడుతుంది. అదే కొత్త ఆట, అవే మీటలు, అవే చేతులు. కాబట్టి చేతులు చెడలేదు. చెడింది నెట్‌లో ఆడే జనం. గిరికి ప్రాణం లేచొచ్చేది.

"నువ్వు పైకి చూస్తా నిలబడిపోతా ఉండావు కార్తీకా. ఎగిరినప్పుడు ఒక అడుగు ముందుకొచ్చి కొట్టాల" అని సలహా ఇచ్చేవాడు.

"సరి బావా" అనేది కార్తీక. తొమ్మిదేళ్ళుగా అదే సలహా, అదే సరి.

తమిళుల ఆషాఢం, ఆడి మాసం వచ్చింది. ఆడిలో పెళ్ళిళ్ళుండవు కనుక మద్రాసులో కల్యాణమంటపాలన్నీ బోసిగా ఉంటాయి. పురసవాక్కంలో అలాంటి మంటపం ఒకటి చూసుకుని వెంకట్రామ్ అనే అతను పోటీ పెట్టాడు. ఊళ్ళో కోబ్రా రింగ్ ఆడేవాళ్ళందరినీ ఫోన్లలో ఒక గుంపుగా కూర్చినవాడు అతనే. అరవై నాలుగు మంది. ఓడితే ఇంటికి. మూడు పోటీలు గెలిచి నిలిచిన ఎనిమిది మందీ చెన్నై జట్టు. వాళ్ళు బెంగళూరులో జరిగే పెద్ద పోటీకి పోతారు.

గిరి పేరిచ్చాడు. ఆ ఎనిమిదిలో ఒకడుగా నిలబడితే చేతులు బాగున్నట్టు. నిలబడకపోతే కంట్రోలర్ అటకెక్కిస్తానని నివేదితకి మాటిచ్చాడు. పనిలో పనిగా కార్తీక పేరు కూడా రాయించాడు. "సుమ్మా రా, ఊరికే. గెలిచేది లేదుగానీ, నాలుగు ఆటలు చూస్తే నేర్చుకుంటావు" అన్నాడు. కార్తీక ఒక్క క్షణం అతని వంక అదోలా చూసి, "సరి బావా" అంది.

మంటపంలో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే వేదిక మీద పెద్ద తెర కట్టారు. కింద భోజనాల బల్లల మీద టీవీలు. ఎటు చూసినా ఇరవై ఏళ్ళవాళ్ళే. పేర్లు సరిచూసే అమ్మాయి సెలీనా, గిరిని చూసి నవ్వుతూ తమిళంలో అడిగింది, "అంకుల్, మీ అబ్బాయి ఆడుతున్నాడా?" అని. గిరి తన పేరు చెప్పాడు. ఆ అమ్మాయి నాలిక కరుచుకుంది. గిరికి అప్పుడే ఇంటికి పోయి పడుకోవాలనిపించింది.

మొదటి పోటీలో అవతలివాడు రానే లేదు. అదీ గెలుపే. రెండోదానిలో విఘ్నేష్ అనే కాలేజీ కుర్రాడు ఎదురుపడ్డాడు. మూడు ఆటల్లో రెండు గెలవాలి. వాడు ఒక్క మీట పద్ధతిలో ఆడుతూ మధ్యలో రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు. అలా చూసుకున్న రెండుసార్లే గిరి గెలిచాడు. అయినా గెలుపు గెలుపే. లేచి నిలబడేసరికి ముంజేతిలో నరం లాగుతోంది, చొక్కా వీపుకి అంటుకుపోయింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి ఆదివారం పూట ఇంత కష్టపడి పిల్లాడిని ఓడించి ఏం సాధించాడో అతనికే అర్థం కాలేదు. ఇంకొక్కటి. ఇంకొక్కటి గెలిస్తే ఎనిమిదిలో ఉంటాడు.

కార్తీక ఈపాటికి ఓడిపోయి ఎక్కడో దిగులుగా కూర్చుని ఉంటుంది, పాపం, ఓదార్చి అన్నం పెట్టించాలి అనుకుంటూ వెతికాడు. ఒక బల్ల చుట్టూ జనం మూగి ఉన్నారు. గిరి మునివేళ్ళ మీద లేచి చూశాడు. కార్తీక ఇంకా ఆడుతోంది. ఎదురుగా ఉన్నవాడు కిందటేడు చెన్నై జట్టులో ఉన్నవాడు. వాడు ఎంచుకున్నది కూడా మొట్టైనే.

వాడి మొట్టై ఎగిరాడు. గాల్లోకి లేచి ఇంకా కాళ్ళు చాచను కూడా లేదు, కర్రల పిల్ల ఒక అడుగు ముందుకేసి కొట్టింది. కింద పడ్డాడు. మళ్ళీ ఎగిరాడు. మళ్ళీ కొట్టింది. వాడు ఎగరడం మానేసి నడిచి వస్తే కాళ్ళ మీద కొట్టింది, వెనక్కి తగ్గితే వెంటపడి కొట్టింది. వాడు ఆశ చావక ఇంకోసారి ఎగిరాడు. ఆమె చూడనైనా చూడనట్టు కొట్టి పడేసింది. కార్తీక వెన్ను నిటారుగా ఉంది. పెదవులు బిగించి ఉంది. పురసవాక్కం హాల్లో తొమ్మిదేళ్ళుగా తన పక్కన నడుం వంచి కూర్చుని, "అయ్యో, పోయింది" అనే పిల్ల కాదిది. రెండు ఆటలూ కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. జనం ఈలలు వేశారు.

గిరి మందబుద్ధి కాడు. తన అత్తారింట్లో వారం వారం కర్రల పిల్ల తల ఎత్తి చూస్తూ ఎందుకు నిలబడిపోయేదో అతనికి ఆ గుంపులో నిలబడే తెలిసింది. ముఖం మీద ఎవరో వేడినీళ్ళు కొట్టినట్టయింది.

మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం పొట్లాలు ఇచ్చారు. ఇద్దరూ మంటపం వెనక, వంటశాల మెట్ల మీద కూర్చున్నారు. కార్తీక పొట్లం విప్పుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు గిరి.

ఏమిటి అని ఆమె అడగలేదు. అడగకపోవడంతోనే సగం తెలిసిపోయింది. కాసేపు పొట్లం తాడు వేలికి చుట్టుకుని, "తలదీపావళి నుంచి" అంది.

పెళ్ళయ్యాక వచ్చే మొదటి దీపావళికి అల్లుణ్ణి ఇంటికి పిలిచి, తలంటి, కొత్తబట్టలు పెట్టి, విందు చేస్తారు. ఆ రోజు గిరికి గుర్తుంది. తన ఆట పెట్టె కూడా వెంట తీసుకుపోయాడు. తలంటు పడక తలనొప్పి వచ్చింది. అందుకే తొందరగా వచ్చేశాడు.

"తలనొప్పి కాదు బావా" అంది కార్తీక మెల్లగా. "ఆ పొద్దు మనం ఏడు ఆటలు ఆడినాము. ఏడూ నేనే గెలిచినాను. అప్పుడు నాకు పదిహేడేళ్ళు, ఎగిరి గంతులేసినాను. మీరు కంట్రోలర్ కింద పెట్టేసి తలనొప్పి అనినారు. ఆకులో వడ్డించిన అన్నం అట్లానే ఉండిపోయినాది. మీరు ఎంగిలి పడకుండా పోయినారు."

గిరి తన పొట్లం విప్పసాగాడు.

"అమ్మ మూడు దినాలు ఏడిచినాది. తలదీపావళికి వచ్చిన అల్లుడు ఇంట్లో ఆడపిల్ల చేసిన పనికి మొగం ముడుచుకోని పోయినాడని. ఆ తరవాత ఆదివారం మీరు వచ్చినప్పుడు అమ్మ నా పక్కనే కూర్చునింది, గుర్తుండాదా? నేను గెలిచేట్టుగా ఉంటే తొడ మీద గిల్లినాది. నాలుగు వారాలు గిల్లినాది. ఆపైన గిల్లే పని లేకుండా పోయినాది."

"మీ అక్కకి తెలుసునా?"

"అందరికీ తెలుసును. నాన్నకి కూడా."

ఈజీచైర్లో గురక పెట్టే మామక్కూడా తెలుసు! గిరికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "అయితే నేను నీకు చెప్పిన సలహాలంతా? అడుగు ముందుకెయ్యి, అప్పుడు కొట్టు..."

"అన్నీ విన్నాను బావా. కొన్ని బాగుండినాయి."

కాసేపు ఇద్దరూ తిన్నారు. గిరికి సిగ్గు. ఒళ్ళంతా సిగ్గు. ఓడిపోతున్నందుకు కాదు, ఓడిపోతే తట్టుకోలేనివాడని ఇంటిల్లిపాదికీ తెలిసి, వాళ్ళంతా కలిసి తొమ్మిదేళ్ళు తనను పసివాడిలా మోసినందుకు.

"ఇప్పుడు కూడా అత్త ఏమన్నా చెప్పినాదా?"

"చెప్పినాది. పదిమందిలో అల్లుడి పేరు పోకూడదంట. ఒకవేళ మీకూ నాకూ పడితే విడిచిపెట్టెయ్యమనినాది." కార్తీక చేతులు కడుక్కుని పక్కనే కూర్చుంది. ఈసారి ఆమె గొంతు మారింది. "నాకు బెంగళూరు పోవాలని ఉండాది బావా. నేను వారమంతా ఆడేది మీ మాదిరి నెట్‌లోనే. ఆడ నేను పెట్టుకున్న మారుపేరు తెలియనివాళ్ళు లేరు. ఈ పోటీకి మీరు రాయించకపోయినా నేను రాయించుకోవాలనే ఉండినాను. కానీ ఆదివారం వస్తే ఆడేదానికి బాగా తెలిసి ఉండీ, తెలియనట్టు ఆడాల. మీరు చాలా అలిసిపోయి వస్తారు, నాకు తెలుసును. నేను కూడా అలిసిపోయినాను. ఓడిపోయి ఓడిపోయి అలిసిపోయినాను."

ఈ వారాలన్నిటిలో అలిసినవాడు తానొక్కడే అనుకున్నాడు గిరి. ఆటల మీద అంత విసుగు పడ్డాడు, అన్ని తప్పులు పట్టాడు, పక్కన కూర్చున్న పిల్ల ముఖం ఒక్కసారి చూడలేదు.

లోపల మైకులో వెంకట్రామ్ గొంతు వినిపించింది. మూడో పోటీల జోడీలు చదువుతున్నాడు. నాలుగో జోడీ, గిరి, కార్తీక. గెలిచినవాళ్ళు చెన్నై జట్టులో.

"నేను తప్పుకుంటాను" అన్నాడు గిరి లేస్తూ. "వెంకట్రామ్‌కి చెప్పేస్తాను. నువ్వు పో బెంగళూరికి."

"వద్దు." కార్తీక అతని దారికి అడ్డంగా నిలబడింది. "మీరు విడిచిపెట్టేసి నేను పోతే, ఇన్నాళ్ళు నేను విడిచిపెట్టిందీ ఇదీ ఒకటే కదా? నేను మిమ్మల్ని గెలిచి పోవాల. మీరు నిజంగా ఆడండి. నేనూ నిజంగా ఆడతాను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఇద్దరూ బల్ల ముందు కూర్చున్నారు. మూడు ఆటల్లో రెండు.

మొదటి ఆట నలభై సెకన్లలో అయిపోయింది. గిరి అన్ని విధాలా ప్రయత్నించాడు. ముందుకు పోతే కర్ర, పక్కకి పోతే కర్ర. ఎగిరితే గాల్లోనే కర్ర. ఎన్నేళ్ళ తర్వాతో అతనికి విసుగు పుట్టలేదు. ఆరో భాగం ఎంత బాగుందో అతనికి ఇప్పుడే కనిపించింది. ఆ అడుగుల లెక్క, ఆ క్షణంలో పదో వంతు ఆలస్యం, దానితో కార్తీక ఎంత అందంగా ఆడుకుంటోంది! ఆటలు చెడలేదు. చేతులే చెడ్డాయి. అదేమంత పెద్ద దెబ్బగా అతనికి అనిపించలేదు. అన్నాళ్ళు భయపడింది దీనికేనా అనుకున్నాడు. ఈ పిల్ల బెంగళూరు పోతుంది, తను వెంట పోయి నీళ్ళ సీసా పట్టుకుని వెనక నిలబడతాడు. అలా అనుకుంటే హాయిగా ఉంది.

రెండో ఆటలో కూడా ఆమెదే పైచెయ్యి. మొట్టై మూలకి చేరాడు. దారి లేక, ఆదివారాల అలవాటు కొద్దీ, గిరి ఎగిరాడు.

కర్రల పిల్ల తల ఎత్తి చూస్తూ నిలబడిపోయింది.

మెడ దొరికింది. ఒక్క దెబ్బతో ఆమె బలం సగం పోయింది, మిగతాది మరో రెండు దెబ్బలకి. ఆట గిరిది. అతను చురుక్కున ఆమె వంక తిరిగాడు.

"ఒట్టు పెట్టినావు కదా?"

"లేదు బావా, నేను విడిచిపెట్టలేదు." కార్తీక ముఖం తెల్లబోయి ఉంది. కుడి చేతిని చున్నీకి తుడుచుకుంది. "చెయ్యి జారినాది. ఆడండి, ఆడండి."

మూడో ఆట. గిరి మనసులో గట్టిగా అనుకున్నాడు, ఎగరకూడదు అని. నేల మీదే ఆడాడు, ఉన్నదంతా పెట్టి ఆడాడు. ఆమె కూడా ఆడింది. చుట్టూ జనం మళ్ళీ మూగారు. ఇద్దరి బలమూ నూలుపోగంత మిగిలింది. ఒక్క దెబ్బ ఎవరికి తగిలితే వాళ్ళు పోయినట్టే. కర్రల పిల్ల ముందుకి వస్తోంది. అప్పుడు గిరి బొటనవేలు ఒకటిన్నర చుట్టు తిరిగింది.

తిప్పాలని అతను అనుకోలేదు. కానీ తిరిగాక, మీట నొక్కడానికి ముందు, కంటికి కనిపించేంత సందు ఉంది. మొట్టై గాల్లో ఉన్నాడు. కింద ఆ పిల్ల తల ఎత్తి, కర్రలు దించి, నిలబడి ఉంది. నొక్కకపోతే మొట్టై ఊరికే కిందికి దిగుతాడు, ఆమె కొడుతుంది, అంతా అయిపోతుంది. గిరికి ఆ సంగతి తెలుసు. గెలవాలనిపించింది. అంత జరిగాక కూడా, అంత సిగ్గుపడ్డాక కూడా, గెలవాలనే అనిపించింది. నొక్కాడు.

జనం అరిచారు. ఎవరో గిరి వీపు తట్టారు. అతను తెర వంక చూడలేదు. కార్తీక కంట్రోలర్ బల్ల మీద పెట్టి, తన కుడి బొటనవేలిని మరో చేత్తో పట్టుకుని చూసుకుంటోంది.

"ఈసారి నిజంగానే ఆడినాను బావా" అంది. "అమ్మ మీద ఒట్టు. మీరు ఎగిరినారని తెలిసినాది. కొట్టాలని కూడా తెలిసినాది. ఇంకెవురు ఎగిరినా కొడతాను. మీరు ఎగిరితే నా వేలు కదల్లేదు."

గిరి నోరు తెరిచాడు. క్షమించు అనాలి. ఆ మాట ఎంత చిన్నదో తెలిసి ఆగిపోయాడు. మళ్ళీ వెంకట్రామ్ దగ్గరికి పరుగెత్తి, తన పేరు కొట్టేసి ఆమె పేరు రాయమని బతిమాలాలి అనుకున్నాడు. లేవబోతే కార్తీక అతని మణికట్టు పట్టుకుని వద్దన్నట్టు తల ఊపింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"చెన్నై జట్టులో నాలుగో మనిషి, మన గిరి అన్న!" అన్నాడు మైకులో వెంకట్రామ్.

మంటపంలో ఎవరూ చేతులు కలపకముందే ఎక్కడో చప్పట్లు మొదలయ్యాయి. గిరి పక్కకి తిరిగి చూశాడు. కొడుతున్నది కార్తీక. కళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి, చేతులు మాత్రం చప్పట్లు కొడుతూనే ఉన్నాయి. కొడుతున్నానని ఆమెకి తెలియడం లేదు.